క్రిములు తయారుచేసే మందు వాటినే ఎందుకు చంపదు?

ప్రశ్న: నా వయసు 52. షుగర్ ఉంది. మిర్చి యార్డులో పని. నెల కిందట బొటనవేలి పక్కన రేకు గీసుకుని పుండు పడింది. మందుల షాపులో ఇచ్చిన యాంటీబయాటిక్ పౌడర్ రోజూ రెండుసార్లు చల్లుతున్నా మానలేదు. ఈ మందును బ్యాక్టీరియానే తయారుచేస్తుందని మా అబ్బాయి అంటున్నాడు. మరి అది తన మందుకు తానే ఎందుకు చావదు? నా పుండులోని క్రిములకూ ఆ కిటుకు తెలిసిపోయిందా?
– ఒక పాఠకుడు, గుంటూరు

జవాబు: మీ అబ్బాయి చెప్పింది నిజమే. కానీ ముందు పుండు సంగతి. షుగర్ ఉన్నవారికి పాదం మీద పుండు నెలైనా మానలేదంటే ఇంటి వైద్యం అక్కడితో ఆపేయాలి. రేపే సర్జన్‌కు చూపించండి, ప్రభుత్వ ఆసుపత్రి (జీజీహెచ్) ఓపీ అయినా సరే.

ఇలాంటి పౌడర్లలో ఎక్కువగా నియోమైసిన్, పాలీమిక్సిన్-బి, బాసిట్రాసిన్ కలిపి ఉంటాయి. చివరి రెండూ పెప్టైడ్లు, అంటే అమైనో ఆమ్లాల చిన్న గొలుసులు. బాసిల్లస్, దాని దగ్గరి చుట్టం పేనిబాసిల్లస్ వీటిని తయారుచేస్తాయి.

తన మందు తనకే తగలకుండా బ్యాక్టీరియా ఏం చేస్తుందో నైసిన్ విషయంలో బాగా తెలిసింది. ఇది ల్యాక్టోకాకస్ ల్యాక్టిస్ అనే పాల బ్యాక్టీరియా చేసే 34 అమైనో ఆమ్లాల పెప్టైడ్. ఛీజ్ ప్యాకెట్ మీద 234 నంబరుతో కనిపించే ప్రిజర్వేటివ్ ఇదే. కణం లోపల తయారయ్యేటప్పుడు దీనికి మరో 23 అమైనో ఆమ్లాల ముక్క అతుక్కుని ఉంటుంది. అది ఉన్నంతసేపూ నైసిన్ ఒరలో ఉన్న కత్తే. కణం దాటాక ఒక ఎంజైమ్ ఆ ముక్కను కోసేస్తే అప్పుడు పనిలోకి దిగుతుంది. కణం గోడకు ముడిసరుకు మోసే లిపిడ్-2 అనే అణువును పట్టుకుని, ఎదుటి క్రిమి పొరకు రంధ్రాలు పెడుతుంది.

అయితే లిపిడ్-2 తయారీదారు పొరలోనూ ఉంటుంది కదా! అందుకే ఆ పొర బయటివైపు నిస్-ఐ అనే ప్రొటీన్ ఉండి, దగ్గరికొచ్చిన నైసిన్‌ను ముందే పట్టేస్తుంది. దాన్ని తప్పించుకుని పొరలో దిగినదాన్ని నిస్-ఎఫ్‌ఈజీ అనే పంపు బయటికి తోసేస్తుంది. పూర్తి రక్షణకు రెండూ కావాలి. మందు జన్యువులనూ రక్షణ జన్యువులనూ మేల్కొలిపే సంకేతం కూడా నైసినే. ఎంత చక్కని ఏర్పాటో చూడండి.

బాసిట్రాసిన్ చేసే బ్యాక్టీరియాకూ ఇలాంటి పంపే ఉంది. పాలీమిక్సిన్ కథ వేరు. కొన్ని క్రిములకు గోడ బయట అదనంగా మరో పొర ఉంటుంది, వాటిని గ్రామ్-నెగటివ్ అంటారు. పాలీమిక్సిన్ ముఖ్యంగా గురిపెట్టేది ఆ బయటి పొరను. పేనిబాసిల్లస్‌కు ఆ పొరే ఉండదు.

ఇక మీ పుండులోని క్రిముల మాట. చీము పట్టించే స్టాఫిలోకాకస్ ఆరియస్‌లో బాసిట్రాసిన్‌నూ నైసిన్‌నూ తట్టుకునే పంపులు ఇప్పటికే ఉన్నాయి. ఎంటరోకాకస్ అనే మరో క్రిమిలో అయితే బాసిట్రాసిన్‌ను తట్టుకునే జన్యువులు ప్లాస్మిడ్‌లనే చిన్న డీఎన్‌ఏ వలయాల మీదా ఉంటాయి, అంటే ఒక క్రిమి నుంచి మరో క్రిమికి చేరగలవు. పౌడర్ చల్లుతూ పోతే తట్టుకోలేనివి చచ్చి, తట్టుకునేవే మిగులుతాయి. పాలీమిక్సిన్ కుటుంబానిదే అయిన కొలిస్టిన్ ఐసీయూలో ఆఖరి అస్త్రం. దాన్ని కోళ్లకు, పశువులకు, చేపల చెరువులకు వాడకుండా కేంద్రం 2019లో నిషేధించింది ఈ భయంతోనే.

అయినా మీ విషయంలో నేరమంతా క్రిములదే అనుకోను. అదుపులో లేని షుగర్, కాలికి రక్తం సరిగా అందకపోవడం, స్పర్శ తగ్గిన వేలి మీద నడకలో పడే ఒత్తిడి, వీటిలో ఏదున్నా పుండు మానదు. పైగా పౌడర్ పెచ్చుకట్టి కింద చీమును దాచేస్తుంది. నియోమైసిన్ కొందరికి దురద, ఎరుపు తెస్తుంది.

పౌడర్ ఆపేయండి. సెలైన్‌తో కడిగి, శుభ్రమైన గాజుగుడ్డ కట్టండి. పసుపు, పెరుగు పెట్టొద్దు. ఆ కాలి మీద బరువు వేయకండి, చెప్పుల్లేకుండా నడవకండి. సర్జన్ చచ్చిన కండను తొలగించాక, లోపలి కణజాలం నుంచి కల్చర్‌కు (క్రిములను పెంచి చూసే పరీక్ష) నమూనా తీయమని అడగండి. యాంటీబయాటిక్ మొదలుపెట్టే ముందే తీస్తే ఫలితం నమ్మదగ్గది. 2-3 రోజుల్లో వస్తుంది. ఏ మందు పనిచేస్తుందో అందులో ఉంటుంది. ఎముకకు పాకిందేమో ఎక్స్‌రే, రక్తప్రసరణకు డాప్లర్ స్కాన్, మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ, టీటీ ఇంజెక్షన్ గురించీ అడగండి.

పుండు చుట్టూ ఎరుపు 2 సెంటీమీటర్లు దాటినా, వేలు నల్లబడినా, దుర్వాసన వచ్చినా, జ్వరం తగిలినా ఓపీ దాకా ఆగకుండా ఆ పూటే ఎమర్జెన్సీకి వెళ్లండి.