అమ్మాయి పాముచేపల మీద పరిశోధన చేస్తానంటోంది, ఏం చెప్పాలి?

ప్రశ్న: మాది భీమవరం. మా అమ్మాయి ఇంటర్ బైపీసీ రెండో ఏడాది. నీట్ రాయనంటోంది. లోతు సముద్రంలో కొత్త పాముచేపల్ని కనిపెట్టి పేర్లు పెడుతుందట. బీఎఫ్‌ఎస్సీ (మత్స్యశాస్త్ర డిగ్రీ) మంచిదా, ప్రైవేటు యూనివర్సిటీలో మెరైన్ బయోటెక్నాలజీ మంచిదా? ఉద్యోగం వస్తుందా?

జవాబు: అయ్యా, మీరు అడిగింది రెండు కోర్సుల తేడా. మీ మనసులో ఉన్నది మాత్రం చుట్టాలడిగితే ఏం చెప్పుకోవాలన్న బెంగ. చేపల మీద, రొయ్యల మీద బతికే ఊళ్లో ఉండి చేపల చదువుకి కూడు పెట్టే సత్తా ఉందా అని మీరే అనుమానిస్తే ఎలాగండీ?

అమ్మాయి బుర్రలో సబ్‌మెరైన్ ఏదైనా తిరుగుతుంటే ముందు దాన్ని దించండి. మన దేశపు లోతు సముద్ర సబ్‌మెరైన్ మత్స్య-6000లో పట్టేది ముగ్గురే. మన దగ్గర కొత్త పాముచేపలు బయటపడుతున్నది రేవుల్లో, ఫిష్‌మీల్‌కి పోయే చెత్తచేపల కుప్పల్లో. 2023లో పేరుపెట్టిన జిమ్నోథొరాక్స్ తమిళనాడుయెన్సిస్ అనే మోరే జాతి పాముచేప తమిళనాడులోని కడలూరు తీరంలో దొరికింది. 2024లో ఫాసియొలెల్లా స్మితీ కేరళ తీరంలో లోతు ట్రాలర్ల వలలో పడింది. రెండూ భారత వ్యవసాయ పరిశోధన మండలి (ఐసీఏఆర్) కింద ఉన్న మత్స్య జన్యు వనరుల సంస్థ ఎన్‌బీఎఫ్‌జీఆర్ వాళ్ల పనే.

దొరకడం ఒక పూట పని. తర్వాతది నెలల తరబడి లెక్క. రంగు పోకముందే ఫొటో తియ్యాలి. ఫార్మలిన్‌లో వెయ్యకముందే చిన్న కండ ముక్క కోసి 95 శాతం ఆల్కహాల్‌లో దాచాలి, ఈ వరస తప్పితే డీఎన్‌ఏ పాడైపోతుంది. చేపని తిన్నగా పరిచి 10 శాతం ఫార్మలిన్‌లో గట్టిపరచాలి. వంకరగా బిగుసుకుంటే కొలతలన్నీ తప్పే. తర్వాత ఎక్స్‌రే తీసి వెన్నుపూసలు లెక్కపెట్టాలి. మామూలుగా వందకి పైనే ఉంటాయి. తోక తెగి మళ్లీ మొలిచిందైతే మొత్తం లెక్క పనికిరాదు, ఆసనం (మలద్వారం) దాకా ఉన్నవే నమ్మాలి. తల మీది రంధ్రాలు, పళ్ల వరసలు కూడా చూసి, పాత మ్యూజియం నమూనాలతో పోల్చాలి. జీవవైవిధ్య చట్టం, 2002 ప్రకారం నమూనాని ప్రభుత్వం గుర్తించిన భాండాగారంలో అప్పగించి తీరాలి.

ఇక బయోటెక్నాలజీ. దీని మీద నాకు నమ్మకం తక్కువ. జాతిని గుర్తుపట్టడానికి వాడే సీఓఐ అనే జన్యువులో సుమారు 650 డీఎన్‌ఏ అక్షరాలు చదివి డేటాబేస్‌తో పోల్చడం నేర్పుతారు. మంచిదే. కానీ ఆ డేటాబేస్‌లో చేపకి ఎవరో తప్పు పేరు రాసి ఉంటే మీ అమ్మాయి జవాబూ తప్పే. సీక్వెన్సింగ్ డబ్బిస్తే కంపెనీలే చేసిపెడతాయి, పళ్లు చూసి ప్రజాతి చెప్పగలిగే కన్ను డబ్బుకి దొరకదు. ఆ యూనివర్సిటీ వాళ్లని రెండే అడగండి: చేపల నమూనాల మ్యూజియం ఉందా? మీ అధ్యాపకుల్లో కొత్త జాతిని వర్ణించినవాళ్లున్నారా? బ్రోషర్ తిప్పుతూ కూర్చుంటే లేచి వచ్చెయ్యండి. మీరు కట్టే ఫీజు ఆ బ్రోషర్‌కే.

బీఎఫ్‌ఎస్సీ నాలుగేళ్లు. నెల్లూరు దగ్గర ముత్తుకూరులో కాలేజీ ఉంది. తర్వాత పీజీ, అంటే ఎంఎఫ్‌ఎస్సీలో ఫిషరీస్ రిసోర్స్ మేనేజ్‌మెంట్, ముంబైలో కేంద్ర మత్స్య విద్యా సంస్థ (సీఐఎఫ్ఈ) దొరికితే మరీ మంచిది. ఆపైన పీహెచ్‌డీ, ఐసీఏఆర్ శాస్త్రవేత్తల్ని ఎంపిక చేసే ఏఆర్ఎస్ పరీక్ష. పాముచేపల శాస్త్రవేత్త కావాలని ఎవరూ నోటిఫికేషన్ ఇవ్వరు. మత్స్య శాస్త్రవేత్తగా చేరి, అందులో పాముచేపల పని చేసుకోవాలి. యూజీసీ, సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ (పరిశోధన ఫెలోషిప్) వస్తే నెలకి 37,000 రూపాయలు, ఇంటద్దె భత్యం వేరు. మధ్యలో మనసు మారినా నష్టం లేదు: మత్స్యశాఖ, హేచరీలు, మేత కంపెనీలు, బ్యాంకుల్లో అగ్రికల్చర్ ఆఫీసర్ పోస్టులు ఆ డిగ్రీకి తెరిచే ఉంటాయి. బంధువులకి అది చెప్పండి.

ఈలోగా ఒకరోజు తెల్లారేసరికి కాకినాడ రేవుకి తీసుకెళ్లి పైక్ కాంగర్ అనే పాముచేప ఒకటి కొనివ్వండి (మోరే వద్దు, దాని ఒంటి పక్కన వరసగా రంధ్రాలు కనిపించవు). తల నుంచి ఆసనం దాకా పార్శ్వరేఖ (ఒంటి పక్కన పొడుగునా సాగే గీత) మీది రంధ్రాలు రెండుసార్లు లెక్కపెట్టమనండి. రెండు లెక్కలూ కలవకపోతే, మీరు చెప్పకుండానే మూడోసారి మొదలుపెడుతుందేమో చూడండి.