కాలం ఎదుట నూరుగురు

ప్రశ్న: గత వేసవిలో మా అమ్మాయి దగ్గరికి షికాగో వెళ్లాం. విశ్వవిద్యాలయం పక్కనున్న పార్కులో ఒక కొలను చూశాను. ఒక ఒడ్డున ముసుగు కప్పుకున్న ముసలాయన నిలబడి ఉన్నాడు. అవతలి ఒడ్డున జనం గుంపుగా సాగిపోతున్నారు. చేత్తో తడిమితే అది రాయి కాదు, కాంక్రీటు! అంత పెద్ద శిల్పాన్ని సిమెంటుతో ఎందుకు చేశారు?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: మీ ప్రశ్న నాకు చాలా సంతోషం కలిగించింది. తడిమి చూసేవాళ్లు తక్కువ. ఆ ముసలాయన కాలపురుషుడు. ఎదుట నడిచేది సుమారు నూరుగురు. యుద్ధానికి ముగింపు పలికిన 1814 ఒప్పందం తర్వాత అమెరికా, బ్రిటన్‌ల మధ్య వందేళ్లు శాంతి నిలిచినందుకు గుర్తుగా కట్టిన ఆ ఫౌంటెన్‌ను 1922లో ఆవిష్కరించారు. శిల్పి లొరాడో టాఫ్ట్. 1860లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని ఎల్మ్‌వుడ్‌లో పుట్టాడు. పారిస్‌లో చదువుకుని, 1886లో షికాగో చేరి, చివరిదాకా అక్కడే ఉండి పనిచేశాడు.

ఆయన మొదట అనుకున్నది పాలరాయే. కానీ అంత రాయికి ఖర్చు భరించలేనిది, పైగా షికాగో చలికి అది నిలుస్తుందో లేదోనన్న భయం. కాంక్రీటు ఆయనకు కొత్త కాదు. 1911లోనే రాక్ నది ఒడ్డు కొండ మీద 48 అడుగుల ఆదివాసీ విగ్రహాన్ని దానితోనే నిలిపాడు. ఈ ఫౌంటెన్‌కు వేల ముక్కల అచ్చు తయారైంది. జాన్ ఎర్లీ అనే నిపుణుడు పొటోమాక్ నది గులకరాళ్లు కలిపి, ఇనుప ఊచల ఆధారంతో, లోపల బోలుగా ఉండేలా పోత పోశాడు. మీ వేళ్లకు గరుకుగా తగిలినవి ఆ రాళ్లే.

నేను ముప్పై ఏళ్లు శిల్పం పాఠాలు చెప్పాను. ఊళ్ల కూడళ్లలో నిలబెట్టిన అంబేద్కర్ విగ్రహాలు ఎన్నో సిమెంటుతోనే చేశాను. సిమెంటు బొమ్మంటే మనవాళ్లకు చిన్నచూపు. అది నాకు ఎప్పుడూ బాధే. రాయి కొనలేని ఊరికీ శిల్పం కావాలి కదా! అయితే సిమెంటుకు సంరక్షణ తప్పనిసరి. పగుళ్లలోకి దిగిన నీరు చలికి గడ్డకట్టి ఉబ్బడంతో షికాగో శిల్పం బాగా దెబ్బతింది. దానికి పెద్ద మరమ్మతులే చేయాల్సి వచ్చింది.

మళ్లీ వెళ్తే శిల్పం వెనక వైపుకు నడవండి. పనిచేసేటప్పుడు వేసుకునే పొడుగు అంగీతో, చేతులు వెనక్కి కట్టుకుని, తల వంచుకుని నడిచే మనిషి ఒకరు కనిపిస్తారు. ఆయనే టాఫ్ట్.