పీహెచ్‌డీ రిజిస్ట్రేషన్ రద్దు: ముందు కమిటీ మినిట్స్ తెప్పించుకోండి

ప్రశ్న: మాది అనంతపురం జిల్లా. బెంగళూరులోని ఒక రాష్ట్ర విశ్వవిద్యాలయంలో 2023 జులైలో పీహెచ్‌డీలో చేరాను. మొదటి గైడు రిటైరయ్యాక నన్ను వేరొకరికి అప్పగించారు. ఆయన మొదటి రోజు నుంచీ చులకనగా చూశారు. నా టాపిక్ పనికిరాదని అందరి ముందూ అన్నారు. 2025 ఆగస్టులో, 'పురోగతి సంతృప్తికరంగా లేదు' కాబట్టి రిజిస్ట్రేషన్ రద్దు చేస్తున్నామని రిజిస్ట్రార్ లేఖ పంపారు. వైస్ చాన్సలర్‌కు మూడుసార్లు మొరపెట్టుకున్నా జవాబు లేదు. ఎనిమిది నెలలు గడిచిపోయాయి. నా చదువు కోసం నాన్న ఎకరం పొలం అమ్మారు. ఇప్పుడేమో డిపార్ట్‌మెంట్ ఆఫీసులో, 'స్వచ్ఛందంగా మానుకుంటున్నానని లెటర్ ఇచ్చేయండి, సర్టిఫికెట్లు వెనక్కి ఇచ్చేస్తాం, వచ్చే ఏడాది కొత్త గైడు దగ్గర మళ్ళీ చేరొచ్చు' అంటున్నారు. ఇవ్వమంటారా? నాకు న్యాయం జరుగుతుందా?
– ఒక పాఠకురాలు, మారతహళ్ళి, బెంగళూరు

జవాబు: ఆ లెటర్ ఇవ్వకండి. దాని మీద మీ సంతకం పడిన రోజున విశ్వవిద్యాలయం మిమ్మల్ని తీసేసిన మాట పోయి, మీరే మానేసిన మాట మిగులుతుంది. ఇక ఏ కోర్టుకు వెళ్ళినా సవాలు చేయడానికి ఉత్తర్వంటూ ఉండదు. వచ్చే ఏడాది సీటు ఇస్తామని ఎవరూ కాగితం మీద రాసివ్వలేదు కదా. ఆ మాట చెప్పిన గుమాస్తాకు సీటిచ్చే అధికారమూ లేదు. సర్టిఫికెట్ల కోసమైతే అసలే సంతకం పెట్టక్కర్లేదు. విద్యార్థుల ఒరిజినల్ సర్టిఫికెట్లను సంస్థలు తమ దగ్గర అట్టిపెట్టుకోకూడదని యూజీసీ (విశ్వవిద్యాలయాల నిధుల సంఘం) 2018 అక్టోబరులోనే నోటిఫికేషన్ ఇచ్చింది. దాన్ని ఉటంకిస్తూ ఈమెయిల్ పెట్టి అడగండి.

మీ ఉత్తరంలో ముప్పాతిక భాగం గైడు గురించే ఉంది. అదంతా నిజమే కావచ్చు, కానీ కేసు దాని మీద తేలదు. మీ టాపిక్ మంచిదా, మీ పని సరిపోతుందా అన్నది హైకోర్టు చూడదు. మైసూరు విశ్వవిద్యాలయం, గోవిందరావు కేసులో 1963లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి చెప్పింది: విద్యా విషయాల్లో నిపుణుల అభిప్రాయం మీద కోర్టులు తొందరపడి చేయి వేయకూడదు. మీరు రాసినదాంట్లో లైంగిక వేధింపు లేదు. ఉండి ఉంటే అది అంతర్గత కమిటీకి మూడు నెలల్లో ఇవ్వాల్సిన వేరే ఫిర్యాదు.

కేసు తేలేది ఒక్క ప్రశ్న దగ్గరే. మీ రిజిస్ట్రేషన్ రద్దు చేయాలని ఏ తేదీన, ఏ కమిటీ కూర్చుని, ఏ కారణం రాసి నిర్ణయించింది?

మీరు పంపిన ఫొటోలో రిజిస్ట్రార్ లేఖ కన్నడంలో ఉంది. మీరు కింది నాలుగు లైన్లే చదివించుకున్నట్టున్నారు. అసలు సంగతి పైన 'ఉల్లేఖ' (రిఫరెన్సులు) అన్న చోట ఉంది. అక్కడ మూడే మూడు ఉన్నాయి: గైడు రాసిన లేఖ, విభాగాధిపతి కవరింగ్ లెటరు, కులపతి అంటే వైస్ చాన్సలర్ ఆమోదం. మీ పురోగతిని చూడాల్సిన రీసెర్చ్ అడ్వైజరీ కమిటీ నడవళి, అంటే మినిట్స్, ఒక్కటి కూడా లేదు. కింద చివరి వాక్యంలో 'విద్యావిషయక పరిషత్తు ఘటనోత్తర అనుమోదనకు లోబడి' అని ఉంది. ఆ పరిషత్తు, అంటే అకడమిక్ కౌన్సిల్, ముందు నిర్ణయించలేదని, తర్వాత ఆమోదిస్తుందన్న నమ్మకంతో ఈ లేఖ పంపామని వాళ్ళే ఒప్పుకున్నట్టు అది.

మీరు చేరింది 2023లో కాబట్టి 2022 నవంబరులో వచ్చిన యూజీసీ పీహెచ్‌డీ నిబంధనలు మీకు వర్తిస్తాయి. వాటి ప్రకారం మీరు ప్రతి సెమిస్టరూ అడ్వైజరీ కమిటీ ముందు హాజరై పురోగతి చెప్పాలి. కమిటీ సిఫారసుల ప్రతి మీకూ ఇవ్వాలి. పురోగతి బాగాలేదనుకుంటే కమిటీ కారణాలు రాసి, సరిదిద్దుకునే మార్గం సూచించాలి. వాటిని మీరు పాటించకపోతేనే, ప్రత్యేక కారణాలు చూపి రద్దుకు సిఫారసు చేయవచ్చు. గైడు ఆ కమిటీకి కన్వీనరు, అంతే. ఆయన ఒంటరిగా రాసిన లేఖ కమిటీ సిఫారసు కాదు. కమిటీ రెండుసార్లే కూర్చుందని, రెండోసారి 'బాగుంది, కొనసాగించండి' అన్నారని మీరే రాశారు. అది నిజమైతే నాలుగు పేజీల కష్టాలకంటే ఆ ఒక్క వాక్యమే మీకు బలం.

కానీ దానికి రుజువేది? కమిటీ సిఫారసుల ప్రతులు అడగలేదంటారు. మిగతా రెండు సెమిస్టర్లలో మీటింగు పెట్టమని ఫోన్‌లో అడిగానంటారు. వైస్ చాన్సలర్‌కు ఇచ్చిన మూడు అర్జీల్లో ఒక్కదానికీ అందినట్టు ఆఫీసు వేసే ఇన్వర్డ్ ముద్ర వేయించుకోలేదు. పరిశోధన చేసే మనిషి, ఆధారం లేనిదే ఒక్క వాక్యం రాయకూడదని నేర్చుకున్న మనిషి, తన భవిష్యత్తు విషయంలో ఇంత అజాగ్రత్తగా ఉండొచ్చా? రేపు 'పిలిచాం, ఆవిడే రాలేదు' అని వాళ్ళు అఫిడవిట్ వేస్తే మీ దగ్గర ఏముంది?

పోయిన ఎనిమిది నెలల సంగతీ చెప్పాలి. హైకోర్టులో వేసే రిట్ పిటిషన్‌కు చట్టం ఇన్ని రోజులని గడువు పెట్టలేదు గానీ, ఆలస్యం చేసి వచ్చినవారిని కోర్టు అంత సులభంగా ఆదుకోదు. అర్జీలు పెట్టుకుంటూ పోతే కాలం ఆగదని సి. జాకబ్ కేసులో 2008లో సుప్రీంకోర్టు గట్టిగా చెప్పింది. కాబట్టి నాలుగో మొర వద్దు. సివిల్ దావాకు మూడేళ్ళ గడువు ఉంది కదా అని తీరిగ్గా కూర్చోనూ వద్దు. మీకు కావలసింది చదువు కొనసాగడం, ఎప్పటికో వచ్చే డిక్రీ కాదు.

ఈ వారంలోనే సమాచార హక్కు దరఖాస్తు వేయండి. కర్ణాటక నియమాల ప్రకారం ఒకే విషయం మీద, మామూలుగా 150 మాటలకు మించకుండా ఉండాలి. ఫీజు పది రూపాయలు, పోస్టల్ ఆర్డరు జత చేస్తే చాలు. 'నన్నెందుకు తీసేశారు' అని అడగొద్దు, దానికి సమాచారం రాదు. కాగితాలు అడగండి: మీ పేరు మీద అడ్వైజరీ కమిటీ జరిపిన అన్ని సమావేశాల మినిట్స్, సభ్యులకూ మీకూ పంపిన నోటీసులు, రద్దు ఫైలు నోట్ షీట్లు, ఆమోదించిన అకడమిక్ కౌన్సిల్ తీర్మానం, రద్దు అధికారాన్ని వైస్ చాన్సలర్‌కు అప్పగించిన తీర్మానం ఏదైనా ఉంటే దాని ప్రతి. ఫైలు స్వయంగా చూస్తానని కూడా రాయండి, ఆ హక్కు చట్టంలోనే ఉంది. ముప్పై రోజుల్లో జవాబివ్వాలి. 'అటువంటి రికార్డు లేదు' అని వస్తే నిరాశపడకండి, భద్రంగా దాచుకోండి. మీ కేసులో అంతకు మించిన సాక్ష్యం ఉండదు.

దాంతోపాటే, జవాబు కోసం ఆగకుండా, విద్యార్థి ఫిర్యాదుల పరిష్కార కమిటీకి ఫిర్యాదు ఇవ్వండి. 2023 యూజీసీ నిబంధనల ప్రకారం ఆ కమిటీ 15 పనిదినాల్లో నివేదిక ఇవ్వాలి. నిర్ణయం మీకు వ్యతిరేకంగా వస్తే, అది అందిన 15 రోజుల్లో, ఇలాంటి అప్పీళ్ళు వినే అంబుడ్స్‌పర్సన్‌కు అప్పీలు చేయాలి. ఆ పదిహేను రోజులు మాత్రం జారనివ్వకండి. రేపు హైకోర్టులో 'వేరే మార్గం ఉండగా నేరుగా వచ్చింది' అన్న అభ్యంతరానికి ఇదే జవాబు. కమిటీ ఉలకకపోతే ఇంకా నెలల తరబడి ఎదురుచూడొద్దు. సహజ న్యాయం పాటించనప్పుడు, అంటే మన మాట వినకుండా నిర్ణయించినప్పుడు, అధికారం లేనివారు ఉత్తర్వు ఇచ్చినప్పుడు నేరుగా రిట్ వేయవచ్చని వర్ల్‌పూల్ కేసులో 1998లోనే తేలింది.

రిట్‌లో ఎదుటివారు ఏం తెస్తారో ఇప్పుడే చెబుతాను. ఈలోగా అకడమిక్ కౌన్సిల్ కూర్చుని ఆ లేఖను ఆమోదించేస్తుంది. దాని మీద సుప్రీంకోర్టులో రెండు వైపులా తీర్పులున్నాయి. మరాఠ్వాడా విశ్వవిద్యాలయం కేసులో (1989) వైస్ చాన్సలర్ అధికారం లేకుండా తీసుకున్న చర్యను కార్యనిర్వాహక మండలి తర్వాత ఆమోదించినా చెల్లదన్నారు. సిల్చర్ ఎన్ఐటీ కేసులో (2015) పాలక మండలి తర్వాత ఇచ్చిన ఆమోదం చెల్లుతుందన్నారు. అందుకే మీ పిటిషన్‌ను వైస్ చాన్సలర్‌కు అధికారం లేదన్న ఒక్క వాదన మీదే నిలబెట్టకూడదు. కమిటీ కారణాలు రాయలేదు, దిద్దుకునే అవకాశం ఇవ్వలేదు, నోటీసు లేదు అన్నది ముందు పెట్టాలి. ముందు జరగాల్సిన మెట్టే జరగనప్పుడు కౌన్సిల్ దేన్ని ఆమోదించినట్టు? ఆ లేఖలో లేని కారణాలను ఇప్పుడు అఫిడవిట్‌లో కొత్తగా చేర్చడానికీ వీల్లేదు. మొహిందర్ సింగ్ గిల్ కేసులో 1977లో రాజ్యాంగ ధర్మాసనం చెప్పిన సూత్రం అది.

ఇవాళ రాత్రి చేయాల్సిన పని ఒకటుంది. విశ్వవిద్యాలయం ఇచ్చిన ఈమెయిల్ ఖాతా ఏ రోజైనా మూసేస్తారు. గైడుతో, విభాగంతో నడిచిన మెయిళ్ళన్నీ దించుకోండి. వాట్సాప్ సందేశాలున్న ఫోను మార్చకండి. రద్దు లేఖ వచ్చిన పోస్టు కవరు పారేసి ఉండకపోతే తీసిపెట్టండి, తేదీ ముద్ర పనికొస్తుంది.

పీహెచ్‌డీకి ఆరేళ్ళు గరిష్ఠ గడువు. తిరిగి రిజిస్టరైతే ఇంకో రెండేళ్ళు, మహిళలకు అదనంగా మరో రెండేళ్ళ సడలింపు ఉన్నాయి గానీ, కేసు నడిచినంత కాలం ఆ ఆరేళ్ళు కరిగిపోతూనే ఉంటాయి. కాబట్టి రిట్‌తోపాటే, తీర్పు వచ్చేదాకా వేరొక గైడు కింద పరిశోధన కొనసాగించనివ్వాలని మధ్యంతర ఉత్తర్వు అడగమని మీ లాయరుకు చెప్పండి. ఈలోగా ఈ సెమిస్టరు ఫీజు కట్టడానికి ప్రయత్నించండి. పోర్టల్ తీసుకోకపోతే ఆ స్క్రీన్‌షాట్ జతచేసి, ఫీజు కట్టడానికి సిద్ధంగా ఉన్నానని, మానుకోలేదని రిజిస్ట్రార్‌కు ఈమెయిల్ పంపండి. ఆ మాటే స్పీడ్ పోస్టులోనూ పంపి, రసీదు జాగ్రత్త చేసుకోండి.