ఒకే ట్రయల్‌లో రెండు ఆడ్స్ రేషియోలు: కోరిలేషన్ 0.8 అని పెట్టేయొచ్చా?

మీరు అడిగింది ఇదీ: ఒకే ట్రయల్ నుంచి మరణాలకు ఒక లాగ్ ఆడ్స్ రేషియో (జరిగినవాళ్లకూ జరగనివాళ్లకూ ఉన్న నిష్పత్తిని రెండు గ్రూపుల్లో పోల్చే సంఖ్యకు లాగరిథమ్), ఆసుపత్రిలో చేరినవాళ్లకు మరొకటి తీశారు. రెండూ అవే పేషెంట్లవి కాబట్టి కోవేరియన్స్ (రెండు అంచనాలూ కలిసి ఎంత కదులుతాయో చెప్పే సంఖ్య) కావాలి. పేపర్‌లో అది లేదు కనుక కోరిలేషన్ (అదే సంబంధం −1 నుంచి 1 వరకు ఉండే కొలతలో) 0.8 అనుకుని లాగించేయొచ్చా అని.

నా మొదటి మెటా అనాలిసిస్‌లో (చాలా ట్రయల్స్ ఫలితాలను కలిపి లెక్కించే అధ్యయనంలో) నేనూ 0.8 అనే పెట్టాను. రెండూ జబ్బు తీవ్రతను బట్టి ఉండేవే కదా అన్నదొక్కటే నా ధైర్యం. రివ్యూయర్ ఒక్క ప్రశ్న రాసి తిప్పి పంపారు: ఈ సంఖ్యలతో అంత కోరిలేషన్ అసలు వస్తుందా, లెక్కేశారా? వేయలేదు. వేసి చూస్తే కొన్ని ట్రయల్స్‌లో అది రావడం అసాధ్యమని తేలింది. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

ముందు సులువైనది. రెండు మందులను ఒకే కంట్రోల్ గ్రూపుతో పోల్చిన ట్రయల్ అయితే ఊహించాల్సిన పనే లేదు. కంట్రోల్‌లో 100 మందిలో 20 మంది చనిపోతే కోవేరియన్స్ 1/20 + 1/80, అంటే 0.0625. రెండు వేరియన్స్‌లలోనూ (ఒక్కో అంచనా ఎంత అటూఇటూ కావచ్చో చెప్పే సంఖ్యల్లో) ఉమ్మడిగా ఉన్న ముక్క అదే. రిస్క్ రేషియో వాడితే 1/20 − 1/100.

మీది రెండో రకం: అవే పేషెంట్లలో రెండు వేర్వేరు ఫలితాలు. ఇక్కడ పేపర్లు సాధారణంగా ఇవ్వని సంఖ్య ఒకటి కావాలి: ఒక్కో గ్రూపులో రెండూ జరిగినవాళ్లు ఎంతమంది? చేతిలెక్కకు వీలుగా నేనే కల్పించిన సంఖ్యలతో చూపిస్తాను. కంట్రోల్‌లో 100 మంది: మరణాలు 20, ఆసుపత్రిలో చేరినవాళ్లు 30, రెండూ 15. మందు గ్రూపులో 100 మంది: మరణాలు 12, చేరినవాళ్లు 20, రెండూ 9.

కంట్రోల్‌లో రెండూ జరిగిన నిష్పత్తి 0.15. అందులోంచి 0.20 × 0.30 తీసేస్తే 0.09. దాన్ని 100 × (0.20 × 0.80) × (0.30 × 0.70)తో భాగిస్తే 0.0268. మందు గ్రూపులో ఇలాగే చేస్తే 0.0391. రెండూ కలిపితే కోవేరియన్స్ 0.0659. మరణాల వేరియన్స్ (1/20 + 1/80 + 1/12 + 1/88) 0.157, ఆసుపత్రిది ఇలాగే 0.110. కోవేరియన్స్‌ను ఈ రెండింటి లబ్ధం వర్గమూలంతో భాగిస్తే కోరిలేషన్ దాదాపు 0.50.

ఇప్పుడు ఆ 15, 9 మనకు తెలియవనుకోండి. చనిపోయినవాళ్లే 20 మంది, 12 మంది కాబట్టి రెండూ జరిగినవాళ్లు అంతకు మించలేరు. ఆ గరిష్ఠ సంఖ్యలు పెట్టినా కోరిలేషన్ 0.75 దగ్గరే ఆగిపోతుంది. ఒక్కరికీ రెండూ జరగలేదనుకుంటే −0.24. అంటే నా 0.8కి ఈ పట్టికలో చోటే లేదు! ప్రతి ట్రయల్‌కీ ముందు ఈ హద్దులు వేసుకోండి, పది నిమిషాల పని.

ఒకటి రెండోదాని లోపలే ఉంటే, ఉదాహరణకు మొత్తం మరణాలు, వాటిలో గుండెజబ్బు మరణాలు, అప్పుడు ఎవరినీ అడగక్కర్లేదు. రెండూ జరిగినవాళ్లంటే గుండెజబ్బుతో పోయినవాళ్లే. ఈ సౌకర్యం చాలామంది గమనించరు.

మిగతావాటికి రచయితలకు మెయిల్ రాయండి. డేటా మొత్తం అడగొద్దు, గ్రూపుకు ఒక్క సంఖ్య అడగండి. నేను రాసినవాటిలో సగానికి జవాబు రాలేదు, వచ్చినవి మాత్రం త్వరగానే వచ్చాయి. రానివాటికి హద్దుల లోపల రెండు మూడు విలువలతో మళ్లీ నడిపి, తుది ఫలితం ఎంత కదులుతుందో పేపర్‌లో చూపించండి. హెడ్జెస్, టిప్టన్, జాన్సన్ 2010లో ఇచ్చిన రోబస్ట్ వేరియన్స్ పద్ధతి కూడా ఉంది, దానికి కోవేరియన్స్ కచ్చితంగా తెలియక్కర్లేదు. ట్రయల్స్ తక్కువగా ఉంటే చిన్న శాంపిల్ సవరణ లేకుండా దాన్ని వాడకండి.

ఆర్ (R) అనే స్టాటిస్టిక్స్ సాఫ్ట్‌వేర్‌లో మెటాఫర్ ప్యాకేజీ వాడుతుంటే ఈ కోవేరియన్స్‌లన్నీ ఒక మాట్రిక్స్‌గా పేర్చి మల్టీవేరియట్ మోడల్‌కు (రెండు ఫలితాలనూ ఒకేసారి లెక్కించేదానికి) ఇవ్వాలి. పట్టికలో సున్నా ఉన్న గడుల వల్ల లెక్క ఆగకుండా 0.5 కలిపితే కోవేరియన్స్‌లోనూ అదే సవరణ ఉండాలి. నేనైతే రెండు ఫలితాలనూ కలిపి చూపే పట్టికలో నాలుగు గడులకూ 0.25 చొప్పున కలుపుతాను, అప్పుడు అంచు మొత్తాలకు 0.5 దానంతటదే వచ్చేస్తుంది. మీ ట్రయల్స్ సంఖ్యలు ఇక్కడ పెడితే ఒకదానికి హద్దులు వేసి చూపిస్తాను.