విశాఖ నుంచి ఏటికొప్పాక బొమ్మలు ఆన్‌లైన్‌లో అమ్మాలి. నెలకు 40 ఆర్డర్లు. ఏ పేమెంట్ గేట్‌వే చవక?

ఆ కాస్త ఆర్డర్లకు గేట్‌వే ఎందుకండీ? బ్యాంకు ఇచ్చే మర్చంట్ క్యూఆర్ చాలు. బ్యాంకు ఖాతా నుంచి చేసే యూపీఐ చెల్లింపులకు 2020 జనవరి నుంచి ఎండీఆర్ (వ్యాపారి నుంచి కోసుకునే రుసుము) సున్నా. స్క్రీన్‌షాట్ చూసి మాత్రం పార్సిల్ పంపకండి, ఖాతాలో జమ అయిందో లేదో చూసుకోండి.

కార్డులూ తీసుకోవాలంటే రేజర్‌పే, క్యాష్‌ఫ్రీ లాంటి గేట్‌వేలు ఉన్నాయి. ఫీజు సుమారు 2 శాతం, దానిపై 18 శాతం జీఎస్టీ. అంటే వెయ్యికి రూ.23.60 పోయి రూ.976.40 చేతికొస్తుంది. యూపీఐకీ ప్లాట్‌ఫామ్ ఫీజు వేస్తారేమో ముందే అడగండి. సరుకు వాపసొచ్చి రీఫండ్ ఇచ్చినా గేట్‌వే ఫీజు సాధారణంగా తిరిగి రాదు. అసలు దెబ్బ అక్కడే. పాన్‌లో ఒక పేరు, బ్యాంకు ఖాతాలో ఇంకో పేరు ఉంటే కేవైసీ ఆగిపోతుంది. సైట్‌లో రీఫండ్ పాలసీ పేజీ లేకపోయినా అంతే.