ఫస్ట్ బేస్‌లో మేటి ఎవరు?

ప్రశ్న: మేజర్ లీగ్ బేస్‌బాల్‌లో మేటి ఫస్ట్ బేస్‌మన్‌లను (బ్యాటర్ పరుగెత్తే బేసుల్లో మొదటిదాని దగ్గర ఫీల్డింగ్ చేసేవాళ్లను) వరుసగా రాయమంటే మా ఇంట్లో నలుగురం నాలుగు జాబితాలు రాశాం. హోమ్ రన్‌లు (బంతిని మైదానం బయటికి కొట్టినవి) చూడాలా, బ్యాటింగ్ సగటు (కొట్టే అవకాశాల్లో ఎన్నో వంతు హిట్‌లో చెప్పేది) చూడాలా? మీ వరుస ఏమిటి?
– ఒక పాఠకుడు, ఫ్రిస్కో, టెక్సాస్

జవాబు: అంకెల జోలికి వెళ్లేముందు ఎవరిని లెక్కలోకి తీసుకోవాలో తేల్చుకోండి. తగాదాలు సగం అక్కడే పుడతాయి. ఎర్నీ బ్యాంక్స్ షార్ట్‌స్టాప్‌గా (సెకండ్, థర్డ్ బేసుల మధ్య నిలిచే ఫీల్డర్) 1125 ఆటలు ఆడితే, ఫస్ట్ బేస్‌లో 1259 ఆడాడు. అయినా 1958, 1959లలో వచ్చిన రెండు ఎంవీపీ (అత్యంత విలువైన ఆటగాడు) అవార్డులూ షార్ట్‌స్టాప్‌గా తెచ్చుకున్నవే. మిగేల్ కాబ్రెరా 2012లో ట్రిపుల్ క్రౌన్ (సగటు, హోమ్ రన్‌లు, తన బ్యాటుతో రప్పించిన పరుగులైన ఆర్‌బీఐలు, మూడింటా లీగ్‌లో మొదటి స్థానం) గెలిచినప్పుడు ఆడింది థర్డ్ బేస్. అందుకే ఏ స్థానంలో ఎక్కువ ఆటలు ఆడాడన్నది కాదు, ఏ స్థానంలో ఉండగా జట్టుకు ఎక్కువ విలువ తెచ్చాడన్నది చూడాలి.

తర్వాత బ్యాటింగ్. ఆర్‌బీఐలను పక్కన పెట్టండి. ముందు వచ్చినవాళ్లు బేసుల మీద ఉంటేనే అవి పెరుగుతాయి. ఓపీఎస్ ప్లస్ (బేస్ చేరే నేర్పును, కొట్టే బలాన్ని కలిపి చెప్పే కొలత) వాడండి. ఇందులో 100 అంటే ఆ కాలపు లీగ్ సగటు. ఏ మైదానంలో ఆడాడన్నది కూడా సరిచేస్తారు. ఈ సవరణ లేకపోతే ఏమవుతుందో టాడ్ హెల్టన్‌ను చూస్తే తెలుస్తుంది. మైలు ఎత్తున, పలుచని గాలిలో ఉన్న డెన్వర్ సొంత మైదానంలో అతని సగటు .345. బయట .287. గొప్ప ఆటగాడే, 2024లో హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నికయ్యాడు కూడా. కానీ మొత్తం సగటు .316 ఒక్కటే చూసి పైకెత్తేస్తే మిగతావాళ్లకు అన్యాయం.

ఆపైన వార్ చూడండి: అందుబాటులో ఉండే మామూలు ప్రత్యామ్నాయ ఆటగాడితో పోలిస్తే జట్టుకు ఎన్ని విజయాలు అదనంగా తెచ్చాడన్న లెక్క. జీవితకాలపు వార్‌ను, అత్యుత్తమమైన ఏడు సీజన్ల వార్‌ను కలిపి సగం చేస్తే వచ్చేది జాస్. ఈ పనికి నాకు అన్నిటికన్నా నచ్చిన కొలత ఇదే. వయసు మీదపడ్డాక ఆడిన ఏళ్లు సగటును ఎలా లాగేస్తాయో ఇందులో కొంతవరకు సర్దుకుంటుంది.

అది సర్దుకోవడం ఎందుకు ముఖ్యమో మొదటి రెండు స్థానాల దగ్గరే కనబడుతుంది. లూ గెరిగ్ వరుసగా 2130 ఆటలు ఆడి, జబ్బు వల్ల 1939లో 35 ఏళ్లకే ఆగిపోయాడు. .340 సగటు, .447 ఆన్‌బేస్ (బేస్ చేరిన నిష్పత్తి), 493 హోమ్ రన్‌లు. ఈ అంకెల్ని కిందికి గుంజే క్షీణదశ అతనికి దాదాపు లేదు. ఆల్బర్ట్ పుహోల్స్ 2001 నుంచి 2010 దాకా పది సీజన్లూ .300 సగటు, 30 హోమ్ రన్‌లు, 100 ఆర్‌బీఐలు తప్పలేదు. తర్వాత మరో పన్నెండేళ్లు ఆడి 703 హోమ్ రన్‌లకు చేరాడు గానీ, సగటు .296కి జారింది. ఆ చివరి దశను మన్నించి చూసినా గెరిగే మొదట, పుహోల్స్ రెండు. మూడు జిమ్మీ ఫాక్స్: 534 హోమ్ రన్‌లు, 1933లో ట్రిపుల్ క్రౌన్. నాలుగు జెఫ్ బాగ్‌వెల్. బ్యాటుతో ఫ్రాంక్ థామస్ ఒక మెట్టు పైనే ఉంటాడు, కానీ సగానికి పైగా ఆటల్లో అతను ఫీల్డింగ్ చేయని డిజిగ్నేటెడ్ హిట్టర్. బాగ్‌వెల్ 1999 వరకూ హోమ్ రన్‌లు కష్టమైన ఆస్ట్రోడోమ్‌లో ఆడుతూ రెండు సీజన్లలో 30 హోమ్ రన్‌లు, 30 స్టీల్స్ (హిట్ లేకుండానే తర్వాతి బేస్‌కు పరుగెత్తి చేరడం) సాధించాడు.

ఒక్కటి మరవకండి. గెరిగ్, ఫాక్స్ ఎదురొడ్డిన లీగ్‌లో నల్లజాతి ఆటగాళ్లకు చోటు లేదు. అదే కాలంలో నల్లజాతి ఆటగాళ్ల లీగ్‌లో హోమ్‌స్టెడ్ గ్రేస్ జట్టుకు ఫస్ట్ బేస్ ఆడిన బక్ లియొనార్డ్ పేరు లేని జాబితా నా దృష్టిలో అసంపూర్ణం. ఆ అడ్డుగోడ కూలిన 1947లో జాకీ రాబిన్‌సన్ మొదట ఆడిన స్థానం కూడా ఫస్ట్ బేసే.

ప్రశ్న: ఫస్ట్ బేస్‌లో ఫీల్డింగ్ అంటే విసిరిన బంతి పట్టడమే కదా. దాన్ని అంత లెక్కలోకి తీసుకోవాలా?
– ఒక పాఠకురాలు, విజయవాడ

జవాబు: తీసుకోవాలి, కానీ ఫీల్డింగ్ శాతం చూసి కాదు. సులువైన క్యాచ్‌లే ఎక్కువ కాబట్టి అది దాదాపు అందరికీ .990 పైనే ఉంటుంది. అసలు నైపుణ్యం స్కోర్‌కార్డుకు ఎక్కదు. షార్ట్‌స్టాప్ విసిరిన బంతి బేస్ ముందు నేలకు తగిలి లేస్తుంది. వికెట్ కీపర్ హాఫ్‌వాలీని అందుకున్నట్టు, బేస్ అంచు మీద కాలు తీయకుండా దాన్ని తోడి పట్టాలి. పడితే మామూలు అవుట్, అతనికి ప్రత్యేక గుర్తింపు లేదు. పట్టలేకపోతే ఎర్రర్ సాధారణంగా విసిరినవాడి ఖాతాలో పడుతుంది.

చూడాల్సినవి వేరే ఉన్నాయి. బంట్‌కు (బ్యాటు అడ్డుపెట్టి మెల్లగా దొర్లించిన బంతికి) ముందుకు దూకి బ్యాటర్‌ను కాక ముందున్న రన్నర్‌ను అవుట్ చేయగలడా? బంతి అందుకుని సెకండ్ బేస్‌కు విసిరి, తిరిగి వచ్చే బంతికి బేస్ చేరుకోగలడా? ఎడమచేత్తో విసిరేవాళ్లకు ఇక్కడ లాభం: గ్లవ్ కుడిచేతికి, అంటే పెద్ద ఖాళీ ఉన్న వైపు ఉంటుంది, సెకండ్‌కు విసరడానికి ఒళ్లు తిప్పక్కర్లేదు. 1978 నుంచి 1988 దాకా వరుసగా 11 గోల్డ్ గ్లవ్‌లు (ఏటా ఉత్తమ ఫీల్డర్‌కు ఇచ్చే అవార్డు) గెలిచిన కీత్ హెర్నాండెజ్ అలాంటివాడే. పుహోల్స్ కుడిచేతివాడై ఉండీ 2009లో 185 అసిస్ట్‌లు (బంతి అందించి మరొకరు అవుట్ చేయడానికి తోడ్పడటం) చేశాడు.

అయినా ఈ స్థానంలో బ్యాటే పెద్దది. ఫ్యాన్‌గ్రాఫ్స్ వెబ్‌సైట్ వార్ లెక్కలో, స్థానం ఎంత కష్టమో దాన్నిబట్టి, 162 ఆటల సీజన్‌కు ఫస్ట్ బేస్‌మన్‌కు 12.5 పరుగులు తీసేస్తారు, షార్ట్‌స్టాప్‌కు 7.5 కలుపుతారు. పోటీ దగ్గరగా ఉన్నప్పుడు తీర్పు గ్లవ్‌తో ఇవ్వండి.

ప్రశ్న: జపాన్ ఆటగాడు సదహారు ఓ కొట్టినవి 868 హోమ్ రన్‌లు. అతనే మొదట కావాలి కదా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: రెండు లీగ్‌ల హోమ్ రన్‌లను నేరుగా పోల్చకూడదు, పిచింగ్ (బంతి వేసేవాళ్ల) స్థాయి, మైదానాల కొలతలు వేరు. తన లీగ్‌లో ఎంత పైన ఉన్నాడో చూడండి. 1962 నుంచి 1974 దాకా వరుసగా 13 సార్లు అత్యధిక హోమ్ రన్‌లు అతనివే. 1973, 1974లలో ట్రిపుల్ క్రౌన్. సొంత లీగ్ మీద అంతకాలం అంత ఆధిపత్యం గెరిగ్‌కూ లేదు. వృత్తి బేస్‌బాల్ మొత్తానికి ఒకే జాబితా రాయాలంటే, నేను ఓను గెరిగ్ పక్కన నిలబెడతాను.