ఆసుపత్రిలో ఎవరూ అడగని ప్రశ్న

ప్రశ్న: నా భర్త వయస్సు 52 సంవత్సరాలు. ఎనిమిది నెలల క్రితం పక్షవాతం వచ్చి కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయాయి. ఫిజియోథెరపీ తరువాత ఇప్పుడు చేతికర్రతో నడుస్తున్నారు. మాట మాత్రం ఇంకా తడబడుతోంది. బీపీకి, షుగరుకు మాత్రలు వాడుతున్నారు. అప్పటి నుంచి మేము దాంపత్యానికి దూరంగానే ఉన్నాము. ఒకటి రెండు సార్లు దగ్గరకు వచ్చి, తనంతట తానే తప్పుకున్నారు. మళ్ళీ పక్షవాతం వస్తుందేమోనని నాకూ భయమే. ఈ విషయం ఏ డాక్టరుగారూ ఎత్తలేదు, అడగడానికి నాకు నోరు రాలేదు.
– ఒక సోదరి, రాజమహేంద్రవరం

జవాబు: అమ్మా, ఇందులో మీ తప్పేమీ లేదు. నడక, మాట, మింగడం, మూత్రం మీద అదుపు, అన్నీ అడిగి రాసుకునే మా వైద్యులమే ఈ ఒక్క ప్రశ్న దగ్గర మొహమాటపడతాము. రోగి ఇంటికి వెళ్ళే ముందు ఒకసారి, ఇంటికి చేరాక మరొకసారి దంపతులకు ఈ విషయం మాట్లాడే అవకాశం కల్పించడం మేలు చేయవచ్చని అమెరికన్ హార్ట్ అసోసియేషన్ 2016 నాటి పక్షవాత రోగుల పునరావాస మార్గదర్శకాలలోనే ఉంది.

ముందు మీ భయం సంగతి. బీపీ అదుపులో ఉండి, ఆరోగ్యం కుదుటపడిన వారికి దాంపత్యం వల్ల మళ్ళీ పక్షవాతం రావడం అరుదు. రెండంతస్తుల మెట్లు ఆయాసం లేకుండా ఎక్కగలిగితే చాలునని గుండె రోగులకు చెబుతుంటాము గానీ, కాలు స్వాధీనంలో లేని మనిషికి ఆ కొలత పనికిరాదు. కనుక మీ న్యూరాలజిస్టును అడిగి నిర్ధారించుకోండి. మెదడులో రక్తస్రావం జరిగిన వారు, బీపీ అదుపులోకి రానివారు అడగకుండా మొదలుపెట్టకూడదు.

ఆయన తప్పుకోవడానికి అయిష్టమే కారణమని అనుకోవద్దు. పక్షవాతం తరువాత త్వరగా అలసట వస్తుంది, ఒక పక్క స్పర్శ తగ్గుతుంది, దిగులు పట్టుకుంటుంది. షుగరు వ్యాధి నరాలను, రక్తనాళాలను దెబ్బతీయడం వల్ల అంగస్తంభన తగ్గవచ్చు. కొన్ని బీపీ మాత్రల వల్ల, దిగులుకు ఇచ్చే కొన్ని మాత్రల వల్ల కూడా అలా జరుగుతుంది. అయినా వాటిని సొంతంగా ఆపకండి, మార్చడానికి వేరే మందులు ఉన్నాయి. అంగస్తంభన కోసం వాడే సిల్డెనఫిల్ మాత్రను మెడికల్ షాపులో అడిగి కొనడం అంతకన్నా ప్రమాదం, ఎందుకంటే గుండె నొప్పికి ఇచ్చే నైట్రేట్ మందులతో కలిస్తే బీపీ ఒక్కసారిగా పడిపోతుంది.

మీ సంగతి మీరు రాయలేదు గానీ, పగలంతా స్నానం చేయించి, మందులు వేసి, రాత్రికి భార్యగా మారడం మీకూ తేలిక కాదు. వీలైతే స్నానం పని కొడుకుకో, మరొకరికో అప్పగించండి. అలసట లేని వేళను, అంటే బాగా నిద్రపోయి లేచిన ఉదయాన్ని, ఎంచుకోండి. కుడి భుజంలో నొప్పి లేకపోతే ఆయన ఆ పక్కకే ఒత్తిగిలి, వెనుక దిండు ఆనుకుని పడుకుంటే ఎడమ చెయ్యి స్వేచ్ఛగా ఉంటుంది. బలహీనమైన చేతిని మాత్రం పట్టుకుని లాగకూడదు. మాట తడబడే మనిషిని పెద్ద ప్రశ్నలు అడగకుండా, అవును, కాదు అని తలూపితే సరిపోయేటట్లు అడగండి. మొదట్లో చెయ్యి పట్టుకుని పక్కన పడుకోవడం వరకే ఆగినా నష్టం లేదు.

ఈసారి ఆసుపత్రికి వెళ్ళినప్పుడు నోరు రాకపోతే, "దాంపత్య విషయంలో సందేహం ఉంది, విడిగా మాట్లాడాలి" అని ఓపీ చీటీ వెనుక రాసి ఇవ్వండి. ఆయన వాడుతున్న మాత్రల అట్టలన్నీ వెంట తీసుకువెళ్ళండి.